గుడ్డు మాన్పిస్తే గడ్డ కరగదు

పిల్లాడికి కేన్సర్ అని తేలిన కబురు ఊళ్ళోకి వచ్చిన పూటే సలహాలూ వచ్చేస్తాయి. పాలు ఆపండి. గుడ్డు ఆపండి. ఫారం కోడి, చెరువు చేప ఇంట్లోకి రానివ్వకండి. కైకలూరు నుంచి ఏలూరు దాకా, ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఈ మాటలో తేడా ఉండదు. “ఇంకా గుడ్డు పెడతన్నావేంటే? ఆ బలమంతా గడ్డకే పోద్ది” అని తల్లిని నిలదీసే పెద్దవాళ్ళున్నారు. సెల్‌ఫోన్‌లో వీడియో చూసినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి దీనికి శాస్త్రం పేరు కూడా తగిలిస్తున్నారు.

వాళ్ళ వాదన ఇది. కేన్సర్ అంటే అదుపు తప్పిన పెరుగుదల. కణం పెరగాలంటే గ్రోత్ ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు కావాలి. పిల్లల్లో వచ్చే కండరాల కేన్సర్‌లో ఆ ప్రొటీన్ల పాత్ర ఉందని శాస్త్రజ్ఞులే రాశారు. పాలూ మాంసకృత్తులూ తీసుకుంటే ఒంట్లో అలాంటి ప్రొటీన్ ఒకటి పెరుగుతుందనీ, ఉపవాసముంటే తగ్గుతుందనీ కూడా వాళ్ళే చెప్పారు. ఫారాల్లో, చెరువుల్లో హార్మోన్లు వాడుతున్నారు. కాబట్టి ఆ తిండి ఆపితే గడ్డ ఆకలికి మాడిపోతుంది.

ఇందులో కొన్ని వాక్యాలు నిజం. నిజమైన వాక్యాలు నాలుగు పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఐదోది నిజమైపోదు. ఆ ఐదోదే, “కాబట్టి” అన్న మాట తర్వాత వచ్చేదే, పిల్లల ప్రాణం మీదికి తెస్తోంది. దాన్ని ఒక్కొక్క కీలు దగ్గరా విప్పి చూడాలి.

1. గడ్డకు ఆ ప్రొటీన్ ఎక్కణ్ణించి వస్తోంది?

వాళ్ళు చెప్పే ఆ కండరాల కేన్సర్ పేరు రాబ్డోమయోసార్కోమా. కండరంగా తయారు కావలసిన లేత కణాలు ఆ పని పూర్తి చెయ్యకుండా విభజన చెందుతూ పోవడం వల్ల వస్తుంది. పిల్లల కేన్సర్లన్నిటిలో ఇది మూడు నాలుగు శాతం. ఎముక కాని మెత్తటి కణజాలంలో పుట్టే కేన్సర్లలో మాత్రం పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఇదే. కంటి గూట్లో, ముక్కు వెనక, మూత్రాశయం దగ్గర, వృషణాల పక్కన, చేతుల్లో, కాళ్ళలో ఎక్కడైనా రావచ్చు. ప్రధానంగా రెండు రకాలు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఎంబ్రియోనల్ రకం, కాస్త పెద్ద పిల్లల్లో, చేతులూ కాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఆల్వియోలార్ రకం.

ఈ కణాలకు పెరగమని ఉత్తరువిచ్చే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఐజీఎఫ్-2. ఇన్సులిన్‌ను పోలిన ఎదుగుదల కారకం అది. తల్లి కడుపులో బిడ్డ పెరగడానికి అవసరమైనది. దాని జన్యువు 11వ క్రోమోజోము చివర ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి బిడ్డకు వస్తాయి గాని, పనిచేసేది తండ్రి ప్రతి ఒక్కటే. తల్లి ప్రతి మౌనంగా ఉంటుంది. ఎంబ్రియోనల్ గడ్డల్లో చాలావాటిలో జరిగేదేమిటంటే, ఆ చోట తల్లి ప్రతి జారిపోయి దాని స్థానంలో తండ్రి ప్రతే రెండోసారి చేరుతుంది. ఒకటి పనిచెయ్యవలసిన చోట రెండు పనిచేస్తాయి. పుట్టుకతోనే ఈ జన్యుభాగం అదుపు తప్పే బెక్‌విత్-వైడెమన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు కొన్ని రకాల కేన్సర్లు ఎక్కువగా రావడం, వాటిలో ఇదీ ఒకటి కావడం కూడా ఇదే సంగతి చెబుతోంది.

1990లో అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో లీ హెల్మన్ బృందం ఇంకో విషయం చూపించింది. ఈ గడ్డ కణాలు ఐజీఎఫ్-2ను తామే తయారు చేసుకుంటాయి, తామే బయటికి వదులుతాయి, తమ పైపొర మీద ఉన్న గ్రాహకంతో తామే అందుకుంటాయి. పెరగమనే ఉత్తరువు రాసేదీ అందుకునేదీ ఒకే కణం. మధ్యలో కాలేయం లేదు, జీర్ణకోశం లేదు, కంచం అసలే లేదు.

ఆల్వియోలార్ రకంలో కథ వేరు, సారం ఒకటే. ఎక్కువ గడ్డల్లో 2వ క్రోమోజోము, 13వ క్రోమోజోము తెగి ఒకదాని ముక్క ఒకదానికి అతుక్కుంటాయి. అలా పాక్స్3, ఫాక్సో1 అనే రెండు జన్యువులు కలిసి సంకర ప్రొటీన్ ఒకటి పుడుతుందని 1993లో గుర్తించారు. ఆ సంకర ప్రొటీన్ వెళ్ళి ఎదుగుదల కారకాలను అందుకునే గ్రాహకాల జన్యువులను రెచ్చగొడుతుంది: ఐజీఎఫ్-1 గ్రాహకం, ఎఫ్‌జీఎఫ్ గ్రాహకం-4, మెట్. మామూలుగా ఉండే కొద్దిపాటి సంకేతానికే కణం అతిగా స్పందించడం మొదలుపెడుతుంది.

“ఎదుగుదల కారకాల పాత్ర ఉంది” అన్న మాటకు అసలు అర్థం ఇదీ. తప్పు కణం లోపలి జన్యువులో ఉంది. శాస్త్రజ్ఞులు చెప్పింది అంతవరకే. “ఆ కారకాలు తిండిలోంచి వచ్చాయి” అన్నది వాళ్ళు చెప్పలేదు. మధ్యలో ఎవరో చేర్చారు.

ఈ తప్పుకు తల్లిదండ్రుల్లో ఎవరి బాధ్యతా లేదు. ఎక్కువమంది పిల్లల్లో ఇది ఎందుకు జరుగుతుందో కారణం దొరకదు. వారసత్వంగా జన్యుదోషం కనిపించేది పదిమందిలో ఒకరికి మించదు. కాన్పు తర్వాత ఏం తిన్నావు, బిడ్డకు బలానికని ఏ డబ్బా పాలు పట్టావు అని ఆస్పత్రి వరండాలో తల్లిని విచారణ చెయ్యడం క్రూరత్వం. ఆమె తెలియక చేసిన నేరమేదీ అక్కడ లేదు.

ఇంకో సాక్ష్యం ఉంది, దాన్ని ఎదుటి పక్షంవాళ్ళు ఎప్పుడూ ప్రస్తావించరు. ఐజీఎఫ్-2 ఉత్తరువును కూడా అందుకునే ఐజీఎఫ్-1 గ్రాహకాన్నే మూసేసే యాంటీబాడీ మందులు తయారయ్యాయి. అందులో సిక్సుటుముమాబ్ అనే మందును, జబ్బు ఒళ్ళంతా పాకిన పిల్లలకు కీమోతో కలిపి అమెరికాలో చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ పరీక్షించింది. ఫలితం మెరుగుపడలేదు. అదే సంకేతమార్గంలో కింది మెట్టును అడ్డుకునే టెమ్సిరోలిమస్‌ను కీమోకు జతచేసి చూసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. దానివల్లా అదనపు లాభం తేలలేదు. ఒక దారి మూస్తే ఈ కణాలు ఇంకో దారి వెతుక్కుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. గ్రాహకానికి నేరుగా తాళం వేసిన మందే సాధించలేని పనిని, పొద్దున పెట్టే గుడ్డును ఆపి సాధిస్తామనడానికి ఆధారం ఏమిటి?

2. పాలగ్లాసు లెక్క

వాళ్ళు చెప్పే ఆ ప్రొటీన్, ఐజీఎఫ్-1, పాలలో ఉంటుంది. నిజమే. ఎంత? ఆవుపాలలో మిల్లీలీటరుకు కొద్ది నానోగ్రాములు. గ్లాసుడు పాలలో అంతా కలిపి ఒక మైక్రోగ్రాము అటూ ఇటూ. పెద్ద మనిషి శరీరం రోజూ సొంతంగా తయారు చేసుకునేది దాదాపు 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. పిల్లల్లో అంత ఉండకపోయినా తేడా తేడాయే. పైగా ఐజీఎఫ్-1 కూడా ప్రొటీనే. పప్పులో ప్రొటీన్ లాగే అదీ కడుపులో, పేగుల్లో ముక్కలవుతుంది. ఇన్సులిన్ కూడా ఇలాంటి ప్రొటీనే కాబట్టే షుగరున్నవాళ్ళు దాన్ని మాత్రగా మింగకుండా సూదిగా వేసుకుంటున్నారు.

ఇక్కడ ఎదుటివాళ్ళ బలమైన వాదనను తప్పించుకోకూడదు. పాలు బాగా తాగే పిల్లల రక్తంలో ఐజీఎఫ్-1 కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అది పాలలోంచి దిగింది కాదు. పోషణ బాగుందని గ్రహించి కాలేయం తయారు చేసింది. ఉపవాసంలో అది తగ్గుతుందన్నదీ నిజమే. ఈక్వడార్‌లో లారాన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ గురించి 2011లో వచ్చిన పరిశోధన కూడా ఉంది. గ్రోత్ హార్మోన్ గ్రాహకం పనిచెయ్యక, పుట్టుక నుంచీ ఐజీఎఫ్-1 అతి తక్కువగా ఉండి పొట్టిగా ఉండిపోయే మనుషులు వాళ్ళు. వాళ్ళలో కేన్సర్ చాలా అరుదు.

సరే, ఒప్పుకుందాం. అయితే అది పుట్టుక నుంచీ జీవితమంతా ఉన్న స్థితి, జబ్బు వచ్చాక నాలుగు నెలలు కడుపు మాడ్చుకుంటే వచ్చేది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 వేరు, ఎంబ్రియోనల్ గడ్డ తనకోసం తయారు చేసుకునే ఐజీఎఫ్-2 వేరు. గ్రోత్ హార్మోన్ ఆజ్ఞ మొదటిదాని మీద నడిచినంతగా రెండోదాని మీద నడవదు. బిడ్డ తినకపోతే కాలేయం తన ఉత్పత్తిని తగ్గించుకుంటుంది. గడ్డ తగ్గించుకోదు, ఎందుకంటే అదుపు చేసే తాళమే అక్కడ విరిగిపోయింది. ఉపవాసంతో తగ్గేది పిల్లాడి కండ, పేగు పొర, ఎముకమజ్జ. మందును తట్టుకోవలసిన భాగాలన్నీ అవే.

3. చెరువు చేప, ఫారం కోడి

ఈ మాట మన ప్రాంతంలో ఎక్కువగా నాటుకోవడానికి ఒక కారణం ఉంది. కొల్లేటి చుట్టుపక్కల చేపల హేచరీల్లో సూది వెయ్యడం చాలామంది కళ్ళారా చూశారు. బొచ్చె, శీలావతి నిలవనీటి చెరువులో గుడ్లు పెట్టవు. వానకాలంలో పారే నదిలోనే పెడతాయి. 1957లో ఒడిశాలో అంగుల్ దగ్గర హీరాలాల్ చౌధురి, అలీకున్హి చేపల పీయూషగ్రంథి రసం ఎక్కించి చెరువు చేపతో గుడ్లు పెట్టించారు. ఆ ప్రయోగం ఫలించిన జూలై 10నే దేశమంతా మత్స్య రైతుల దినంగా జరుపుకుంటున్నారు. ఇప్పుడు ఆ రసానికి బదులు కృత్రిమ హార్మోన్ మందులు వాడుతున్నారు. కొల్లేరు చేపల వ్యాపారం ఇవాళ ఇంతైందంటే దాని వెనక ఆ సూది ఉంది.

అయితే ఆ సూది ఎవరికి? తల్లి చేపకు, పోతు చేపకు, గుడ్లు పెట్టించే రోజున. దాని కడుపున పుట్టిన పిల్ల నర్సరీ చెరువు దాటి, పెంపకం చెరువులో తవుడూ చెక్కా తిని, నెలల తరబడి పెరిగి, ఐసు పెట్టెలో లారీ ఎక్కుతుంది. ఆ చేపను పెంచడానికి రోజూ హార్మోన్ సూది వెయ్యడం లేదు. గుడ్ల కోసం వేసిన సూదిని కండ పెంచడానికి వేసిన సూదిగా చెప్పడం దగ్గర ఈ పుకారు మొదలైంది.

ఫారం కోడి సంగతి ఇంకా తేలిక. నలభై రోజుల్లో రెండు కిలోలు రావడం తరాల తరబడి జాతి ఎంపిక చేసిన ఫలితం, దాంతోపాటు మేత లెక్క. గ్రోత్ హార్మోన్ ప్రొటీన్ కాబట్టి మేతలో కలిపితే జీర్ణమైపోతుంది. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని రోజూ సూది వేసే పని ఏ రైతూ చెయ్యలేడు, చేసినా గిట్టుబాటు కాదు.

కోళ్ళలో, రొయ్యల్లో యాంటీబయాటిక్కుల దుర్వినియోగం నిజమైన సమస్య. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లు వాడకూడదని నిషేధం ఉన్నదే అందుకు. కొల్లేటి నీళ్ళలోకి చేరే పురుగుమందులూ మురుగూ నిజమైన సమస్యే. ఆ పోరాటం చెరువు గట్ల మీదా అధికారుల ముందూ చెయ్యాలి. చెయ్యలేక ఆ కోపాన్ని జబ్బుపడ్డ పిల్లాడి కంచం మీద చూపించడం న్యాయం కాదు.

4. “గ్రోత్ ఫ్యాక్టర్” సూదికి భయపడేవాళ్ళకు

కీమో ఇచ్చాక వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. అందుకని ఫిల్‌గ్రాస్టిమ్ అనే సూది వేస్తారు. దాని పూర్తి పేరులో గ్రోత్ ఫ్యాక్టర్ లాంటి మాటలే వినిపిస్తాయి. ఆ పేరు వినగానే వద్దనే తండ్రులున్నారు. గడ్డను పెంచేదాన్ని మళ్ళీ ఎక్కిస్తారా అని.

ఎదుగుదల కారకం ఒకటి కాదు. ప్రతిదానికీ తన గ్రాహకం వేరు. ఫిల్‌గ్రాస్టిమ్ ఎముకమజ్జలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను తయారు చేయిస్తుంది. ఆ కణాలు లేకపోతే మామూలు దగ్గు సైతం రక్తంలో విషమై పిల్లాడిని రెండు రోజుల్లో తీసుకుపోగలదు. ఈ కేన్సర్‌కు ప్రపంచమంతా వాడే చికిత్సా పద్ధతుల్లో ఈ సూది భాగంగానే ఉంటోంది. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001 నుంచీ గ్రాఫీల్ పేరుతో దీన్ని అమ్ముతోంది. పేరులో రెండు మాటలు కలిశాయని ఆ సూదిని వద్దనడం ఇన్ఫెక్షన్‌కు తలుపు తీసి పెట్టడమే.

5. భీమవరంలో పుట్టినవాడి దారి

ఎదుటి పక్షంవాళ్ళకు చరిత్రలో నిజంగా పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది. వాళ్ళ తరఫున నేనే చెబుతాను. కైకలూరు మీదుగా వెళ్ళే రైలు కొద్దిసేపట్లో చేరే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం తయారు చేసిన బృందానికి నాయకుడు. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలకు ఆ రకం పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అంటే పోషకం కేన్సర్‌కు ఆసరా అయిన సందర్భం చరిత్రలో ఉంది.

అప్పుడు వాళ్ళను గట్టెక్కించింది ఏది? ఆకుకూరలు మాన్పించడం కాదు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారు చేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో, ఆ మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. పిల్లల రక్తకేన్సర్ చికిత్సకు అది మొదటి మెట్టు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆ మందు చెల్లెలు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల వార్డుల్లో ఉంది. ఎదుగుదలకు తోడ్పడే పదార్థాన్ని అడ్డుకోవలసి వస్తే కణం దగ్గర, కొలతతో, మందుతో అడ్డుకోవాలని ఆ పని చూపించింది. మన జిల్లాల్లోనే పుట్టినవాడు ఆ దారి వేసి ముప్పావు శతాబ్దం దాటింది.

6. ఆకలికి చచ్చేది ఎవరు?

ఇక పర్యవసానాలు. రాబ్డోమయోసార్కోమాకు మందు ఉంది. విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్ మూడూ కలిపి నెలల తరబడి ఇస్తారు. దానికి తోడు ఆపరేషనో, రేడియేషనో, రెండూనో. అమెరికాలో 1972లో మొదలైన వరస పరీక్షల్లో మొదటి పరీక్షలోని పిల్లల్లో ఐదేళ్ళు బతికినవాళ్ళు 55 శాతం ఉంటే, మూడో పరీక్షకు 71 శాతానికి చేరారు. జబ్బు పాకకుండా, అనుకూలమైన చోట ఉండి, ముందుగా దొరికితే 90 శాతం దాటుతోంది. ఐరోపాలో 2019లో వెలువడిన పరీక్షలో, మామూలు చికిత్స అయ్యాక మరో ఆరు నెలలు తక్కువ మోతాదు కీమో కొనసాగిస్తే ఐదేళ్ళు బతికినవాళ్ళు 73.7 నుంచి 86.5 శాతానికి పెరిగారు. అవేమీ కొత్త కంపెనీల లక్షల ఖరీదు మందులు కావు. పాత మందులే.

ఈ లాభమంతా దక్కాలంటే పిల్లాడు చికిత్స చివరిదాకా నిలబడాలి. చిక్కిపోయిన పిల్లలకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి, కీమో తేదీలు వాయిదా పడతాయి, మోతాదు తగ్గించవలసి వస్తుంది. మలావీలో మూత్రపిండపు కేన్సర్ ఉన్న పిల్లల మీద చేసిన పరిశోధనలో, పోషణ లేని ఒంట్లోంచి విన్‌క్రిస్టిన్ ఆలస్యంగా బయటికి పోతోందని, అంటే అదే మోతాదు ఎక్కువ విషమవుతోందని తేలింది. కడల్స్ ఫౌండేషన్ లాంటి సంస్థ మన దేశపు ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రుల్లో పిల్లల కోసం ఆహార నిపుణులను పెట్టి నడుపుతున్నది ఎందుకనుకుంటున్నారు? మందు పనిచెయ్యడానికి తిండి కావాలి కాబట్టి.

ఊరి సలహా ఏం చేస్తోంది? అంగన్‌వాడీలో, బడిలో ప్రభుత్వమే గుడ్డు పెడుతున్న పిల్లాడికి, ఆ గుడ్డు అన్నిటికన్నా అవసరమైన నెలల్లో దాన్ని ఆపుతోంది. దాని స్థానంలో గోధుమగడ్డి రసం, లక్ష్మణఫలం ఆకుల కషాయం పోస్తోంది. తెల్లకణాలు పడిపోయిన పిల్లాడికి పచ్చి రసంలోని సూక్ష్మక్రిములే ప్రమాదం. బాగా ఉడికిన గుడ్డుతో, కాచిన పాలతో ఆ ప్రమాదం లేదు. లక్ష్మణఫలంలో నరాలకు హాని చేసే పదార్థముందని ప్రయోగాల్లో తేలింది. విన్‌క్రిస్టిన్ ఎలాగూ నరాల మీద పనిచేస్తుంది, దానికి ఇంకొకటి తోడు చేస్తున్నారు. ఆ విన్‌క్రిస్టిన్ వచ్చింది మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచే గదా, ఆకు నూరి పోస్తే చాలదా అనేవాళ్ళూ ఉన్నారు. ఆకులో ఏది ఎంతుందో ఎవరికీ కొలత తెలీదు. మందుగా శుద్ధి చేసినదాన్ని కూడా ఆస్పత్రిలో మిల్లీగ్రాముల లెక్కన, పిల్లాడి ఒంటి విస్తీర్ణం కొలిచి ఇస్తారు. ఆ ఆకు రసం పిల్లలకు పొయ్యడం విషం పొయ్యడమే.

ఇంకో నష్టం కూడా ఉంది. పథ్యం మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళు ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్తారు. “ముందు పథ్యం చేసి చూద్దాం” అన్న నెల రోజుల్లో, దగ్గరే ఉన్న గడ్డ ఊపిరితిత్తులకు పాకొచ్చు. పాకితే బతికే అవకాశం సగానికన్నా కిందికి పడిపోతుంది. నొప్పి లేని గడ్డ పెరుగుతుంటే, ఒక కన్ను ముందుకు పొడుచుకొస్తుంటే, మూత్రం ఆగిపోతుంటే, మూత్రంలో రక్తం కనిపిస్తుంటే పిల్లాణ్ణి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ముక్క తీసి పరీక్ష చేయిస్తేనే జబ్బేమిటో తెలుస్తుంది. హైదరాబాదులో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఖర్చుకు, ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం ఉంది.

పాలు పడని పిల్లలుంటారు, కీమో రోజుల్లో వాంతి వచ్చి దేన్నీ ముట్టని పిల్లలుంటారు, మాంసం తినని ఇళ్ళుంటాయి. వాళ్ళకు పప్పు, పెరుగు, వేరుశనగ ఎలా సర్దాలో ఆస్పత్రిలో ఆహార నిపుణులే చెబుతారు. అది ఆ పిల్లాడిని చూసి, తూకం చూసి, రక్తపరీక్ష చూసి చెప్పే మాట. గట్టు మీద నిలబడి అందరికీ ఒకేలా చెప్పే మాట కాదు.

చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ విన్నపం. ఆ కుటుంబానికి సాయం చెయ్యాలనుంటే హైదరాబాదో విశాఖో వెళ్ళి రావడానికి రైలు ఖర్చులివ్వండి. తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంటి దగ్గర రెండో బిడ్డకు అన్నం పెట్టండి. రక్తం కావాలంటే ఇవ్వండి. ఆ పిల్లాడు ఏం తినాలో చెప్పే పని మాత్రం చికిత్స చేస్తున్న డాక్టరుకు వదిలెయ్యండి.